పాత కంప్యూటర్‌కు కొత్త హార్డ్ డ్రైవ్: ఫార్మాట్ నొక్కే ముందు

పాత కంప్యూటర్‌కు కొత్త పోర్టబుల్ హార్డ్ డ్రైవ్ తగిలిస్తే మూడింటిలో ఒకటి జరుగుతుంది. బుద్ధిగా తెరుచుకోవచ్చు. లేదా టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తూ, దీపం ఆరుతూ వెలుగుతూ, తెర మీదికి రాకనే పోవచ్చు. లేదా ‘ఈ డిస్క్‌ను ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?’ అని కంప్యూటరే అడగవచ్చు. మొదటిదైతే ఈ వ్యాసంలో సగం మీకు అక్కర్లేదు. రెండోదైతే డ్రైవ్ చెడిపోయిందని అప్పుడే తీర్మానించకండి. చాలాసార్లు కరెంటు చాలకే ఆ అవస్థ. మూడోదైతే మౌస్ మీద నుంచి చేయి తీసేయండి. డ్రైవ్ ఖాళీగా ఉంది కాబట్టి కంప్యూటర్ అలా అడుగుతోందనుకోవద్దు. అందులో ఉన్నదాన్ని చదవడం దానికి చేతకాకపోయినా అదే ప్రశ్న వేస్తుంది. అవునని నొక్కితే, ఉన్నదంతా పోతుంది.

అందుకే తగిలించడానికి ముందే కొన్ని సంగతులు తేల్చుకోవాలి.

కంప్యూటర్ ఏ కాలానిదో చూడండి

‘మై కంప్యూటర్’ మీద రైట్ క్లిక్ చేసి ‘ప్రాపర్టీస్’ తెరిస్తే విండోస్ ఏ వెర్షనో కనిపిస్తుంది. ఎక్స్‌పీ అయితే సర్వీస్ ప్యాక్ (విండోస్‌కు వచ్చిన పెద్ద సవరణల మూట) సంఖ్య కూడా రాసిపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక పోర్టులు. యూఎస్‌బీ 2.0 ప్రమాణం 2000లో, 3.0 ప్రమాణం 2008లో వచ్చాయి. పోర్టు లోపలి ప్లాస్టిక్ నాలుక నీలంగా ఉంటే సాధారణంగా అది 3.0, నల్లగానో తెల్లగానో ఉంటే 2.0 లేదా అంతకంటే పాతది. అయితే రంగును పూర్తిగా నమ్మలేం. అందరు తయారీదారులూ దాన్ని పాటించలేదు. ఖాయంగా తెలియాలంటే ‘డివైస్ మేనేజర్’ తెరిచి, యూఎస్‌బీ కంట్రోలర్ల జాబితా విప్పి చూడండి. ‘ఎన్‌హాన్స్‌డ్’ అన్న మాట కనిపిస్తే 2.0 ఉన్నట్టే. ‘ఎక్స్‌టెన్సిబుల్’ అనో ‘3.0’ అనో ఉంటే ఇంకా మేలు. ‘ఓపెన్ హోస్ట్ కంట్రోలర్’, ‘యూనివర్సల్ హోస్ట్ కంట్రోలర్’ మాత్రమే ఉంటే అది యూఎస్‌బీ 1.1.

ఈ తేడా ఎంతటిదో లెక్క వేసి చూస్తేనే తెలుస్తుంది. కొత్త డ్రైవ్ ఏ పోర్టులోనైనా పనిచేస్తుంది గానీ పోర్టు వేగానికే పరిమితమవుతుంది. 3.0లో పోర్టబుల్ డ్రైవ్ సెకనుకు 100 ఎంబీ దాకా రాస్తుంది. 2.0లో అది 30 ఎంబీ దగ్గర ఆగుతుంది. 1.1లో ఇంచుమించు ఒక్క ఎంబీ. 500 జీబీ సరుకును 2.0 మీద తరలించడానికి నాలుగున్నర గంటలు పైచిలుకు పడుతుంది. అదే సరుకుకు 1.1 మీద దాదాపు ఆరు రోజులు. అలాంటి డెస్క్‌టాప్ మీ దగ్గర ఉంటే, అందులో ఖాళీ పీసీఐ స్లాట్ (అదనపు కార్డు బిగించే గాడి) ఉంటే, యూఎస్‌బీ 2.0 కార్డు ఒకటి బిగించుకోవడమే తెలివైన పని. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఉన్న కాస్త కొత్త యంత్రంలో 3.0 కార్డు పెట్టుకోవచ్చు. కాకపోతే విండోస్ 7కు 3.0 డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) సొంతంగా లేదు, కార్డుతో పాటు వచ్చేదాన్ని ఇన్‌స్టాల్ చేయాలి. ఎక్స్‌పీకైతే డ్రైవర్ ఉందో లేదో కార్డు పెట్టె మీద చదివి మరీ కొనండి.

విండోస్ 98 యంత్రమైతే నా సలహా ఒక్కటే: దాని మీద కుస్తీ పట్టకండి. యూఎస్‌బీ నిల్వ పరికరాలకు అందులో డ్రైవరే ఉండదు, ప్రతి పరికరానికీ విడిగా వెతికి తేవాలి. దాని లోపలి డిస్క్‌ను విప్పి, యూఎస్‌బీ అడాప్టర్ ద్వారా వేరే కంప్యూటర్‌కు కలిపి ఫైళ్లు తీసుకోవడం ఎంతో సులువు.

కరెంటు సంగతి

పోర్టబుల్ డ్రైవ్‌కు విడిగా అడాప్టర్ ఉండదు, తినేదంతా యూఎస్‌బీ పోర్టు నుంచే. 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీయాంపియర్లు, 3.0 పోర్టు 900. డ్రైవ్ ఒకసారి తిరగడం మొదలయ్యాక ఆ 500తో సరిపెట్టుకోగలదు. కానీ లోపలి పళ్లేన్ని నిశ్చల స్థితి నుంచి నిమిషానికి 5,400 చుట్ల వేగానికి తెచ్చే ఆ కొద్ది సెకన్లలో ఒక యాంపియర్ దాకా లాగేస్తుంది. చాలా కంప్యూటర్లు ఆ క్షణాన్ని సర్దుకుపోతాయి. వయసు మళ్లినవి, ముఖ్యంగా పాత ల్యాప్‌టాప్‌లు, సర్దుకోలేవు.

డ్రైవ్ మీద అరచేయి ఆనించి కేబుల్ పెట్టి చూడండి. ఆరోగ్యంగా ఉంటే సన్నని కంపనం మొదలై, పెరిగి, ఒక స్థాయిలో నిలిచిపోతుంది. కరెంటు చాలకపోతే కంపనం ఎక్కుతూ ఎక్కుతూ ఒక్కసారి తెగిపోతుంది, ‘టిక్’ మంటుంది, మళ్లీ మొదలవుతుంది. ఇలా రెండు మూడు విడతలు చూడగానే కేబుల్ తీసేయండి. దాన్ని అలాగే కొట్టుకోనివ్వడం మంచిది కాదు. ఇంకో రకం కూడా ఉంది: డ్రైవ్ తెరుచుకుంటుంది, పెద్ద ఫైల్ కాపీ చేస్తుండగా మాయమవుతుంది, ఎక్స్‌పీలో ‘డిలేయ్డ్ రైట్ ఫెయిల్డ్’ అని మూలన బుడగ లేస్తుంది. దానికీ అనుమానించాల్సింది ముందు కరెంటునే.

ఏం చేయాలంటే, డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టులు వదిలేసి వెనకవైపు వాటిలో పెట్టండి. ముందు పోర్టులకు లోపల పొడవాటి తీగ ఉంటుంది, దారిలోనే కొంత వోల్టేజీ పోతుంది. కేబుల్ పొట్టిదే వాడండి, పొడిగింపు తీగలు వద్దు. వెబ్‌క్యామ్, ఫోను ఛార్జింగు లాంటివి తీసేయండి. ల్యాప్‌టాప్ అయితే దాని ఛార్జర్ తగిలించి ఉంచండి. ఇవేవీ పనిచేయకపోతే రెండు మార్గాలు మిగులుతాయి: ఒక చివర రెండు యూఎస్‌బీ పిన్నులుండే చీలిక కేబుల్, లేదా సొంత అడాప్టర్ ఉన్న హబ్. ఖర్చు కాస్త ఎక్కువైనా నేను హబ్‌నే ఎంచుకుంటాను, డ్రైవ్ మారినా పనికొస్తుంది కాబట్టి. అడాప్టర్ లేని హబ్ మాత్రం సమస్యను పెంచుతుందే తప్ప తగ్గించదు. అది ఒకే పోర్టు కరెంటును నలుగురికి పంచుతుంది.

మరో కొత్త కంప్యూటర్‌కు తగిలించినా అదే టిక్కు టిక్కు వినిపిస్తే ఇక అది కరెంటు కథ కాదు. వారంటీ కాగితం బయటకు తీయండి.

ఒక చిన్న జాగ్రత్త: డ్రైవ్ తగిలించి ఉండగా పాత కంప్యూటర్ ఆన్ చేయకండి. కొన్ని పాత బయోస్‌లు (ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్‌లు) ఆ డ్రైవ్ నుంచే బూట్ కావాలని, అంటే కంప్యూటర్‌ను లేపాలని, చూసి నల్ల తెర మీద ఆగిపోతాయి. కంప్యూటర్ పూర్తిగా లేచాక తగిలించండి, లేదా బయోస్‌లో బూట్ వరుసలో లోపలి డిస్క్‌ను మొదట పెట్టండి.

తగిలించినా కనిపించకపోతే

డ్రైవ్ స్థిరంగా తిరుగుతోంది, దీపం వెలుగుతోంది, ‘మై కంప్యూటర్’లో మాత్రం లేదు. అప్పుడు ‘మై కంప్యూటర్’ మీద రైట్ క్లిక్ చేసి ‘మేనేజ్’ ఎంచుకుని, ఎడమవైపు ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ తెరవండి. కింది భాగంలో డిస్క్‌లు అడ్డ పట్టీల్లా కనిపిస్తాయి. మీ డ్రైవ్‌ను దాని పరిమాణంతో గుర్తుపట్టండి. పెట్టె మీద 1 టీబీ అని ఉన్నది ఇక్కడ 931 జీబీగా, 2 టీబీది 1,863 జీబీగా కనిపిస్తుంది. మోసమేమీ లేదు: తయారీదారు వెయ్యితో లెక్కిస్తాడు, విండోస్ 1,024తో లెక్కిస్తుంది.

ఆ పట్టీ మీద రాసి ఉన్నదాన్ని బట్టి రోగం తేలిపోతుంది.

‘హెల్దీ’ అని ఉండి, డ్రైవ్ అక్షరం (సి, డి లాంటిది) లేకపోతే లేదా ఆ అక్షరం అప్పటికే ఏదో నెట్‌వర్క్ డ్రైవ్‌కు వాడి ఉంటే, రైట్ క్లిక్ చేసి ‘చేంజ్ డ్రైవ్ లెటర్’తో చివరి అక్షరాల్లో ఒకటి ఇవ్వండి. ఎక్స్‌పీలో ఈ ఢీ తరచూ వస్తుంది. అరనిమిషం పని.

‘జీపీటీ ప్రొటెక్టివ్ పార్టిషన్’ అని ఉంటే, డ్రైవ్‌లోని పార్టిషన్ పట్టిక (డ్రైవ్‌ను ఏయే భాగాలుగా పంచారో రాసి ఉండే జాబితా) జీపీటీ అనే కొత్త పద్ధతిలో ఉందన్నమాట. 32 బిట్ల ఎక్స్‌పీ దాన్ని చదవలేదు. లోపలి ఫైళ్లు భద్రంగానే ఉన్నాయి, విస్టా (ఎక్స్‌పీ తర్వాతి విండోస్) నుంచి ఏ విండోస్‌లోనైనా తెరుచుకుంటాయి.

పార్టిషన్ ఉంది గానీ ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను డిస్క్‌లో అమర్చే పద్ధతి, అంటే ఫార్మాట్) పేరు లేదు, లేదా ‘రా’ (RAW) అని ఉంది: అది ఎక్స్‌ఫ్యాట్ కావచ్చు, మ్యాక్ కోసం తయారైన డ్రైవ్ కావచ్చు. దాన్ని చదవగల యంత్రంలో పెట్టి లోపల ఏముందో చూశాకే ముందుకు వెళ్లండి.

‘నాట్ ఇనిషియలైజ్డ్’, ‘అన్ఎలొకేటెడ్’ అని ఉంటే, డ్రైవ్ పెట్టెలోంచి ఇప్పుడే తీసినదైతే సరే. నిన్నటిదాకా ఫైళ్లున్న డ్రైవ్ ఇలా చూపిస్తే మాత్రం ఏ బటనూ నొక్కకండి.

ఏ ఫార్మాట్?

డ్రైవ్‌ను ఈ పాత కంప్యూటర్‌తో పాటు ఇంకా వేటికి తగిలిస్తారో ముందు జాబితా వేయండి. వాటిలో అన్నింటికంటే పాతది దేన్ని చదవగలదో అదే మీ ఫార్మాట్. కొత్త యంత్రాలు పాత పద్ధతులను చదువుతాయి, పాతవి కొత్తవాటిని చదవవు.

ఫ్యాట్32 ఎక్కడైనా తెరుచుకుంటుంది, అందుకే చాలామంది దాన్నే సిఫారసు చేస్తారు. నేను చేయను. అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ మించకూడదు, కాబట్టి పెద్ద వీడియో కాపీ చేయబోతే డ్రైవ్‌లో వందల జీబీలు ఖాళీగా ఉన్నా ‘చోటు లేదు’ అంటుంది. పైగా పాత విండోస్‌ల ఫార్మాట్ పెట్టె 32 జీబీ మించిన పార్టిషన్‌ను ఫ్యాట్32గా చేయనే చేయదు.

ఎక్స్‌ఫ్యాట్ 2006లో వచ్చింది. విండోస్ 7 దాన్ని సొంతంగా చదువుతుంది, రాస్తుంది, మ్యాక్‌లు 10.6.5 నుంచి. ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 2 లేదా 3 ఉండి, దాని మీద విడిగా ఒక అప్‌డేట్ పడాలి. విండోస్‌కూ మ్యాక్‌కూ మధ్య తిరగాల్సిన డ్రైవ్‌కు ఇది బాగుంటుంది. కానీ దీనికి జర్నల్ లేదు, అంటే రాస్తుండగా కరెంటు పోతే సగంలో ఆగిన పనిని సరిదిద్దుకునే ఏర్పాటు లేదు. కరెంటే చాలని పాత పోర్టుకు ఇలాంటి డ్రైవ్ తగిలించడం కొరివితో తల గోక్కోవడమే.

అంతా విండోస్ యంత్రాలే అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టండి, ఇక ఆలోచించకండి. ఎక్స్‌పీ నుంచి నేటి విండోస్ దాకా అన్నీ చదివి రాస్తాయి, జర్నల్ ఉంది, ఫైల్ పరిమాణం బాధ లేదు. మ్యాక్ మాత్రం దాన్ని చదువుతుందే గానీ రాయదు. లినక్స్ పంపిణీల్లో చాలాకాలంగా రెండూ కుదురుతున్నాయి.

పార్టిషన్ పట్టిక వేరే సంగతి. ఎక్స్‌పీకి కావలసింది ఎంబీఆర్ అనే పాత పద్ధతి. అందులో సెక్టార్ల (డిస్క్ మీద రాసే చిన్న గదుల) సంఖ్యకు 32 బిట్ల చోటే ఉంది. ఒక్కో సెక్టారు 512 బైట్లు కాబట్టి లెక్క 2 టీబీ దగ్గర ఆగిపోతుంది. కనుక ఎక్స్‌పీ కోసమైతే 2 టీబీకి మించిన డ్రైవ్ కొనకండి. కొన్ని పెద్ద డ్రైవ్‌లు తమ డబ్బాలోని సర్క్యూట్ ద్వారా సెక్టారు 4,096 బైట్లని నటించి ఎక్స్‌పీని ఒప్పిస్తాయి. పనిచేస్తాయి కూడా. కానీ రేపు డబ్బా చెడిపోయి లోపలి డిస్క్‌ను నేరుగా కలిపితే ఫైళ్లు తెరుచుకోవు. విండోస్ 7 వారికి ఈ బెంగ లేదు; బయోస్ పాతదైనా జీపీటీ డ్రైవ్‌ను ఫైళ్ల కోసం మామూలుగా వాడుకోవచ్చు, దాని నుంచి బూట్ చేయలేరంతే.

ఫార్మాట్ చేసేది కొత్త కంప్యూటర్‌లోనే

ఇది చాలామంది పట్టించుకోని ముచ్చట. ఇప్పటి డిస్క్‌లు లోపల 4,096 బైట్ల ముక్కలుగా రాస్తాయి. ఎక్స్‌పీ మొదటి పార్టిషన్‌ను 63వ సెక్టారు దగ్గర మొదలుపెడుతుంది, అది ఆ ముక్కల అంచుకు సరిపడదు. దాంతో చిన్న రాతకు కూడా డిస్క్ రెండు ముక్కలను చదివి, మార్చి, తిరిగి రాయాల్సి వస్తుంది, వేగం చచ్చిపోతుంది. విస్టా నుంచి విండోస్ పార్టిషన్‌ను సరిగ్గా 1 ఎంబీ దగ్గర మొదలుపెడుతుంది. అందుకని విండోస్ 7 లేదా ఆపై యంత్రం ఏదైనా అందుబాటులో ఉంటే అక్కడే తయారు చేసి తీసుకురండి.

1. డ్రైవ్‌తో వచ్చిన ఫైళ్లేమైనా ఉంటే కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి.
2. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి డ్రైవ్‌ను పరిమాణంతో పోల్చుకోండి. అనుమానం ఉంటే కేబుల్ తీసి చూడండి. మాయమయ్యే పట్టీయే మీది.
3. దాని మీద ఉన్న పార్టిషన్లను ‘డిలీట్ వాల్యూమ్’తో తొలగించండి. ఇక్కడితో పాత ఫైళ్లు పోతాయి.
4. ఎడమవైపు డిస్క్ సంఖ్య ఉన్న గడి మీద రైట్ క్లిక్ చేయండి. ‘కన్వర్ట్ టు ఎంబీఆర్ డిస్క్’ అని వెలుగుతూ ఉంటే నొక్కండి. ‘కన్వర్ట్ టు జీపీటీ’ అని ఉంటే అది ఇప్పటికే ఎంబీఆర్, ముట్టుకోకండి. విండోస్ 7 తోనే సరిపెట్టుకునేవారు ఈ అడుగు వదిలేయవచ్చు.
5. ఖాళీ పట్టీ మీద రైట్ క్లిక్ చేసి ‘న్యూ సింపుల్ వాల్యూమ్’ ఎంచుకుని, ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టి, గుర్తుపట్టేలా పేరు ఇవ్వండి.

‘క్విక్ ఫార్మాట్’ టిక్కు ఉంచితే నిమిషంలోపే అయిపోతుంది. తీసేస్తే డిస్క్ అంతా రాసి, చూసి వస్తుంది. 2 టీబీకి 3.0 పోర్టులో అయిదారు గంటలు, 2.0లో 18 గంటల పైమాటే. కొత్త డ్రైవ్‌కు మొదటిసారి, 3.0 పోర్టు ఉంటే, రాత్రి పడుకునే ముందు ఆ పూర్తి ఫార్మాట్ పెట్టడం నాకు ఇష్టం. చెడు సెక్టార్లు బయటపడితే మీ ఫైళ్లు ఎక్కకముందే బయటపడతాయి.

కొత్త యంత్రమేదీ లేకపోతే ఎక్స్‌పీలోనే చేయండి. నెమ్మదిగానైనా పనిచేస్తుంది.

పాత మ్యాక్‌కు మాత్రమే వాడేదైతే పై లెక్కలన్నీ పక్కనపెట్టి, ఆ మ్యాక్‌లోని ‘డిస్క్ యుటిలిటీ’లోనే ‘మ్యాక్ ఓఎస్ ఎక్స్‌టెండెడ్’ రకంగా ఫార్మాట్ చేసుకోండి. కొత్త మ్యాక్‌లో ఏపీఎఫ్ఎస్‌గా చేస్తే 2017కు ముందరి వ్యవస్థలు దాన్ని తెరవలేవు.

ఫైళ్లు తరలించడం

గంటల తరబడి సాగే పని కాబట్టి ముందు కంప్యూటర్ నిద్రపోకుండా చూడండి: పవర్ సెట్టింగుల్లో స్లీప్ ‘నెవర్’ పెట్టండి. డివైస్ మేనేజర్‌లో ఒక్కో ‘యూఎస్‌బీ రూట్ హబ్’ తెరిచి, ‘పవర్ మేనేజ్‌మెంట్’ ట్యాబ్‌లో కరెంటు ఆదా కోసం పరికరాన్ని ఆపవచ్చన్న టిక్కు తీసేయండి.

మీ ఫైళ్లు ఎక్స్‌పీలో ‘డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్’ ఫోల్డర్‌లో మీ పేరు కింద, విండోస్ 7లో ‘యూజర్స్’ కింద ఉంటాయి. డెస్క్‌టాప్ మీద పోగుపడినవి కూడా అక్కడే. మళ్లీ దొరకనివి, అంటే ఫొటోలు, సొంతంగా రాసుకున్నవి, లెక్కలు, ముందు ఎక్కించండి, సినిమాలు చివరికి. అంతా ఒకేసారి ఎంచుకుని లాగకండి. ఎక్స్‌పీ కాపీ చేస్తుండగా ఒక్క ఫైల్ చదవలేకపోయినా మొత్తం పనిని అక్కడే వదిలేస్తుంది, ఎంతవరకు వచ్చిందో చెప్పదు. ఫోల్డర్ తర్వాత ఫోల్డర్ చేస్తే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. ‘కట్’ జోలికి పోకండి, ఎప్పుడూ ‘కాపీ’యే.

అయ్యాక రెండు వైపులా ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ‘ప్రాపర్టీస్’ చూడండి. ఫైళ్ల సంఖ్య, ‘సైజ్’ వరుసలో బ్రాకెట్లలో ఉండే బైట్ల సంఖ్య చివరి అంకె దాకా కలవాలి. దాని కింద ఉండే ‘సైజ్ ఆన్ డిస్క్’ కలవకపోయినా పర్వాలేదు, అది ఫార్మాట్‌ను బట్టి మారుతుంది.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ భద్రతా అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. యూఎస్‌బీ డ్రైవ్‌ల ఆటోరన్ (తగిలించగానే ప్రోగ్రామ్ దానంతటదే నడిచే ఏర్పాటు) ద్వారా పాకే వైరస్‌లు ఎక్స్‌పీ కాలంలో విపరీతం. 2008లో బయటపడిన కాన్‌ఫికర్ పాకిన దారుల్లో అదొకటి. కాబట్టి తరలింపు సాగుతున్నంతసేపూ పాత యంత్రానికి ఇంటర్నెట్ తీగ పీకేసి ఉంచండి. అక్కడి నుంచి తెచ్చిన డ్రైవ్‌ను కొత్త కంప్యూటర్‌కు పెట్టేటప్పుడు ఏ ఫైలూ తెరవకుండా ముందు యాంటీవైరస్‌తో చూపించండి.

తీసేటప్పుడు

గడియారం పక్కనున్న ‘సేఫ్లీ రిమూవ్’ గుర్తు నొక్కి, తీయవచ్చని చెప్పాకే తీయండి. కాపీ పెట్టె మూసుకుపోయిందని రాయడం పూర్తయినట్టు కాదు. చివరి ముక్కలు ఇంకా మెమొరీలోనే ఉండవచ్చు. ‘ఇప్పుడు ఆపలేను’ అని మొండికేస్తే, ఆ డ్రైవ్‌లోని ఫోల్డర్ల కిటికీలు, అందులోంచి తెరిచిన ఫైళ్లు మూసి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ వినకపోతే కంప్యూటర్‌నే షట్‌డౌన్ చేసి, దీపం ఆరాక కేబుల్ తీయండి. తీశాక కూడా పళ్లెం ఇంకొన్ని క్షణాలు తిరుగుతూనే ఉంటుంది, ఆ కంపనం ఆగేదాకా డ్రైవ్‌ను బల్ల మీద నుంచి ఎత్తకండి.